బోర్డు తుడిచేసేలోపు

సంపాదకులకు నమస్కారం.

నేను శ్రీకాకుళంలో ఆర్టీసీ కండక్టర్ని. పదహారేళ్ల సర్వీసు. పేపరుకి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పొడుగైపోతే మీరే కత్తిరించుకోండి.

పదో తరగతి ఫలితాలొచ్చిన మర్నాడు జిల్లా పేజీలో 600కి 590 దాటిన పిల్లల ఫొటోలు వేస్తారు. ఆ పిల్లల మీద నాకేం దుగ్ధ లేదు. కష్టపడ్డారు, వచ్చాయి. కానీ ఆ పేజీలోకి ఎప్పటికీ రాని పిల్లలు ఇంకో రకం ఉన్నారు. వాళ్లకి పాఠం అర్థమవుతుంది, చదువుతారు కూడా. బుర్రలో ఉన్నది కాగితం మీదకి దిగేసరికి బెల్లు కొట్టేస్తారు. మా అబ్బాయి ఆ రకం. ఇప్పుడు తొమ్మిదో తరగతి.

వాడు తెలివైనవాడని తల్లిని నేను చెప్తే ఎవరు నమ్ముతారు? ఒక్కటి చెప్తాను, మీరే తేల్చుకోండి. అరసవిల్లి గుడిలో ఏడాదికి రెండు దఫాలు, మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబర్ 1, 2 తేదీల్లోనూ పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా. వాడు ఆరో తరగతిలో ఉండగా ఓ అక్టోబర్లో తెల్లారకుండానే తీసుకెళ్లాను. ఆ రోజు మబ్బు పట్టేసింది. కిరణాలు పడలేదు. అందరూ ఉసూరుమంటూ తిరిగొచ్చాం. ఆటోలో వీడు ఒక్క మాట మాట్లాడలేదు. అలిగాడనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత నేను అన్నం వడ్డిస్తుంటే ఉన్నట్టుండి అన్నాడు: "అమ్మా, మార్చి 21న, సెప్టెంబర్ 23న పగలూ రాత్రీ సమానం కదా. మార్చి 10 దానికి పదకొండు రోజుల ముందు. అక్టోబర్ 2 దీనికి తొమ్మిది రోజుల తర్వాత. సూర్యుడు ఉత్తరానికి వెళ్తూ ఆ గుమ్మానికి ఎదురుగా ఓసారి వస్తాడు, దక్షిణానికి తిరిగెళ్తూ ఇంకోసారి వస్తాడు. అందుకే రెండుసార్లు."

ఆ నాలుగు రోజులూ వాడి బుర్రలో నడుస్తున్నది అదన్నమాట. ఆ నాలుగు రోజుల్లోనే సోషల్ హోంవర్కు పూర్తిచెయ్యలేదని స్కూల్లో బెంచీ ఎక్కించారు.

ఐదో తరగతి దాకా ఇది మాకు సమస్యగా తెలియలేదు. ఒకే టీచరమ్మ. వీడు నిదానమని ఆవిడకి తెలుసు, రాసేదాకా ఆగేది, లేకపోతే నోటితో చెప్పించుకునేది. ఆరో తరగతికి పేరున్న ప్రైవేటు స్కూల్లో వేశాం. ఆరు సబ్జెక్టులు, ఆరుగురు టీచర్లు. ఒకరిచ్చిన హోంవర్కు ఇంకొకరికి తెలీదు. సబ్జెక్టుకి అరగంట పని ఇచ్చినా ఆరింటికీ మూడు గంటలు. అది మామూలు పిల్లలకి. వీడికి అదే ఆరు గంటలు. ఇంటికొచ్చేది సాయంత్రం ఐదున్నరకి. ఇక లెక్క మీరే వేసుకోండి.

బోర్డు మీద రాసింది ఎక్కించుకోవడం వీడికి అన్నిటికన్నా పెద్ద గండం. మనం ఓ వాక్యం మొత్తం చూసి, తల దించి రాసేస్తాం. వీడు రెండు మాటలు చూస్తాడు, రాస్తాడు, మళ్లీ తలెత్తి ఎక్కడ ఆపాడో వెతుక్కుంటాడు. మూడో పేరా దగ్గరుండగానే డస్టర్ వచ్చేస్తుంది. ఆ వదిలేసిన ముక్కే పరీక్షలో వస్తుంది. పైగా రన్నింగ్ నోట్సు వేరు, ఫెయిర్ నోట్సు వేరు. ఒకే పాఠం రెండుసార్లు రాయడం వల్ల ఏం వస్తుందో నాకు నేటికీ అర్థం కాలేదు. మంచి చేతిరాత వస్తుందంటారు. మావాడికి అదీ రాలేదు.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. నా బతుకే తొందర. ఎచ్చెర్ల స్టేజీ దాటేలోపు బస్సంతా టిక్కెట్లు కొట్టెయ్యాలి, లేకపోతే చెకింగ్ వాళ్లకి జవాబు చెప్పాలి. స్త్రీశక్తి ఉచిత ప్రయాణం వచ్చాక జీరో టిక్కెట్లు కూడా ఒక్కొక్కటీ కొట్టాల్సిందే, రద్దీ పెరిగింది. చిల్లర, ఆధార్ కార్డు, చంటిపిల్లలు, కూరగాయల బుట్టలు, అన్నీ ఒక్క చేత్తో. అలా రోజంతా చేసొచ్చిన దానికి, పొద్దున్న చొక్కా గుండీలు పెట్టుకోడానికి ఐదు నిమిషాలు తీసుకునే పిల్లాడు ఎలా కనిపిస్తాడో చెప్పండి. "బద్ధకం", "మొద్దు" అన్నాను. వంటింట్లో వాడే టైమరు తెచ్చి వాడి ముందు పెట్టాను. అది టిక్ టిక్ అంటుంటే వీడి చెయ్యి ఇంకా బిగుసుకుపోయేది. మా ఆయన పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఆయన రాత్రి వచ్చేసరికి నేనూ వీడూ చెరో మూల ఏడుస్తూ కనిపించేవాళ్లం.

ఏడో తరగతిలో ఓ నెలంతా మధ్యాహ్నం క్యారేజీ పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. "పొట్లకాయ నచ్చలేదా, ఏం పెట్టమంటావు చెప్పు" అని తిట్టాను. వంకాయ పెట్టాను, గుడ్డు పెట్టాను, పులిహోర పెట్టాను. అయినా అంతే. స్కూల్లో ఆయా మా బస్సులోనే వస్తుంది. ఓ రోజు టిక్కెట్టు కొడుతుంటే ఆవిడే చెప్పింది: "మీ బాబు అన్నం తినడు కదమ్మా, బెల్లయినా నోట్సు రాసుకుంటా కూర్చుంటాడు." వాడు నాకు చెప్పలేదు. చెప్తే నేను ఏమంటానో వాడికి తెలుసు. మిగతా వాళ్లు తినగలిగినప్పుడు నువ్వెందుకు తినలేవు అంటాను. అనేదాన్నే.

ఆ ట్రిప్పు ఎలా చేశానో గుర్తు లేదు. చిలకపాలెంలో ఇద్దరికి టిక్కెట్టు కొట్టడం మర్చిపోయాను.

అప్పటికే చేయనిది లేదు. జ్ఞాపకశక్తి సిరప్పులు రెండు రకాలు పట్టించాం. తాయెత్తు కట్టించాం. ట్యూషన్ పెట్టించాం, అంటే ఆరు గంటల పనికి ఇంకో గంట కలిపామన్నమాట. పిల్లల డాక్టరు మాత్రం ఒక పద్ధతిగా వెళ్లారు, ఆ పద్ధతి మిగతా తల్లిదండ్రులకి పనికొస్తుందని చెప్తున్నాను. ముందు కళ్లు చూపించమన్నారు. తర్వాత చెవులు. రక్తం తక్కువేమోనని, థైరాయిడ్ ఏమోనని పరీక్షలు. కొందరు పిల్లలకి కొన్ని సెకన్లపాటు చూపు నిలిచిపోయే రకం ఫిట్స్ ఉంటాయట, కింద పడరు, కొట్టుకోరు, చూసేవాళ్లకి పరధ్యానంలాగే ఉంటుంది, అదేమైనా ఉందా అని గుచ్చిగుచ్చి అడిగారు. ధ్యాస నిలవకపోవడం కూడా అడిగారు. ఇవేవీ లేవని తేలాక, విశాఖలో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకి పంపారు.

అక్కడ రెండు రోజులు పట్టింది. నన్ను బయట కూర్చోబెట్టారు. తర్వాత ఆవిడ నాకు ఓ కాగితం చూపించారు. పైన 1 నుంచి 9 దాకా అంకెలు, ఒక్కో అంకె కింద ఒక్కో గుర్తు. కింద వరసలుగా ఉత్త అంకెలు. ఏ అంకెకి ఆ గుర్తు వేసుకుంటూ పోవాలి. రెండు నిమిషాలే టైము. మావాడు వేసినవి అన్నీ సరైనవే. కాకపోతే వాడి ఈడు పిల్లలు వేసేదాంట్లో సగం కూడా వెయ్యలేదు. మాటల అర్థాలు, పోలికలు, కారణం చెప్పడం లాంటి వాటిలో మాత్రం వయసుని మించి ఉన్నాడు. మొత్తం కలిపి సగటు తీస్తే మామూలు పిల్లాడు. ఈ సగటు దగ్గరే అందరూ మోసపోతారని ఆవిడ అన్నారు. నాకు వెంటనే అర్థమైంది. ముందు బస్సులో జనం తలుపుకి వేలాడుతూ వెళ్లి, వెనక బస్సు ఖాళీగా వెళ్తే, సగటున అందరికీ సీటు దొరికినట్టే.

చూసినదాన్నీ విన్నదాన్నీ బుర్ర అందుకుని పని పూర్తిచేసే వేగాన్ని ఇంగ్లిషులో ప్రాసెసింగ్ స్పీడ్ అంటారట, వీడికి అది తక్కువ. దానితోపాటు రాతలోనూ ఇబ్బంది ఉందని, డిస్‌గ్రాఫియా అని రిపోర్టులో రాశారు. మందుల్లేవు. తిడితే తగ్గదు, తిట్టడం వల్ల టెన్షన్ పెరిగి ఇంకా నెమ్మదిస్తుంది. చేసే పని తగ్గించాలి, లేదా టైము పెంచాలి. ఇంతే ఆవిడ చెప్పింది.

ఆ రిపోర్టు పట్టుకుని స్కూలుకి వెళ్తే "అందరికీ ఒకటే రూలు మేడమ్, మా రిజల్టు పడిపోతుంది" అన్నారు. ఎనిమిదో తరగతికి జిల్లా పరిషత్ హైస్కూలుకి మార్చేశాం. మా చుట్టాల్లో కొందరు, పిల్లాణ్ణి ప్రైవేటు నుంచి తీసేశారంటే డబ్బుల్లేక అనుకున్నారు. అనుకోనియ్యండి.

సర్కారు బడిలో అంతా బంగారం అని చెప్పను. కానీ అక్కడ లెక్కల మాస్టారు రిపోర్టు మొత్తం చదివారు. నిలబడే చదివారు, నాలుగు పేజీలూ. చదివి, వీడికి ఎక్సర్‌సైజులో బేసి సంఖ్య లెక్కలే ఇవ్వడం మొదలుపెట్టారు. పన్నెండు లెక్కలుంటే ఆరు. "ఆరు చేసినవాడికి పద్ధతి వచ్చినట్టే కదమ్మా, మిగతా ఆరూ చేతికి కసరత్తు" అన్నారు. బయాలజీ మేడమ్ తన నోట్సు జిరాక్సు తీసి ఇస్తారు, వీడు దాని మీద పెన్సిలుతో గీసుకుంటూ వింటాడు. బొమ్మలు మాత్రం వెయ్యమంటారు. అది న్యాయమే, పరీక్షలో బొమ్మకి మార్కులున్నాయి.

ఇంట్లో నేను పెట్టుకున్న రూలు ఒకటి. సబ్జెక్టుకి నలభై నిమిషాలు, రోజుకి మూడు సబ్జెక్టులు. టైమరు ఇప్పుడు నా దగ్గరుంటుంది, వాడికి కనబడదు. అది మోగితే ఎక్కడున్నాడో అక్కడ గీత గీసి, డైరీలో "ఇక్కడితో నేనే ఆపించాను" అని రాసి సంతకం పెడతాను. ఓ టీచరు దాని కింద ఎర్ర ఇంకుతో "మిగతాది ఎవరు చేస్తారు?" అని రాశారు. నేను "రేపు" అని రాశాను. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. పుస్తకాల సంచీ రాత్రే సర్దాలి, టైంటేబులు తలుపు లోపలివైపు అంటించి ఉంది. పొద్దున్న వాణ్ణి అరగంట ముందు లేపడం తప్ప వేరే దారి కనిపెట్టలేదు.

పాఠ్యపుస్తకాల్లో ఇంగ్లిషూ తెలుగూ పక్కపక్కన అచ్చువేయడం మంచి పని. కానీ వీడు ముందు తెలుగు పేజీ చదివి, తర్వాత ఇంగ్లిషు పేజీ చదువుతాడు. రెండింతలు టైము. దానికి మేం చేసింది ఏమిటంటే, తెలుగు పేజీ నేను బిగ్గరగా చదువుతాను, వాడు వింటూ ఇంగ్లిషు పేజీ చూస్తాడు. నా డ్యూటీ సెకండ్ షిఫ్టు పడిన వారం మా ఆయన చదువుతారు. ఆయన నాకన్నా బాగా చదువుతారట, వాడి అభిప్రాయం.

మార్పేమైనా వచ్చిందా అంటే, వేగం రాలేదు. ఎనిమిదో తరగతి ఎస్ఏ-1 (అర్ధసంవత్సరం పరీక్ష) లెక్కల్లో 80కి 34 మార్కుల ప్రశ్నలే ముట్టుకున్నాడు, వాటికి 33 వచ్చాయి. మిగతా 46 మార్కులూ తెల్లకాగితం. పాత స్కూల్లో అయితే "33, ఫెయిల్‌కి దగ్గర" అని రాసి పంపేవారు. మాస్టారు పేపరు మీద "రాసినదాంట్లో ఒక్క తప్పు" అని రాశారు. ఆ పేపరు మా అత్తగారు దేవుడి గూట్లో పెట్టింది.

మా అత్తగారిది పొందూరు. ఇప్పటికీ రాట్నం తిప్పుతుంది. పొందూరు సన్నఖద్దరు గురించి మన జిల్లావాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. వాలుగ చేప దవడ ఎముకకి సన్నటి పళ్లుంటాయి, దానితో పత్తిని గింజ మీదుండగానే దువ్వుతారు. తర్వాత గింజ తీసి, ఏకులు చేసి, ఎండిన అరటి పట్టలో పెట్టుకుని, వంద కౌంటు నూలు వడుకుతారు. వేసవి సెలవుల్లో మావాడు ఆవిడ పక్కన కూర్చుని ఓ పూటంతా గుప్పెడు పత్తి దువ్వాడు. ఆవిడ దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "గుంటడి సెయ్యి మంచిదే అమ్మా, ఒక్క నలక లేదు. నువ్వే ఊరికే తిట్టీసినావు" అంది.

సంతోషమే. అయితే నెమ్మదిని ఆకాశానికెత్తడానికి ఇది రాయడం లేదు. అంత ఓపిక పనికి చేతికొచ్చే కూలి ఎంతో పొందూరు వెళ్లి అడిగితే, నిదానమే ప్రధానం అన్న సామెత మళ్లీ నోట రాదు. రేపు వీడు బతకాల్సింది గడియారం చూసే లోకంలోనే అని నాకు తెలుసు. ముందు పదో తరగతి గట్టెక్కాలి.

దాని లెక్క నేను కండక్టరు లెక్కలాగే వేశాను. పదో తరగతి లెక్కల పేపరు 100 మార్కులు, 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఉదయం 9.30 నుంచి 12.45 దాకా. మొదటి పావుగంట చదువుకోడానికి పోతే 180 నిమిషాలు. అంటే మార్కుకి నిమిషం 48 సెకన్లు. ఇంట్లో పాత పేపర్లు ఇచ్చి చూస్తే మావాడికి మార్కుకి రెండున్నర నిమిషాలు పడుతోంది. ఆ ప్రకారం 72 మార్కుల దగ్గర వీడికి బెల్లు కొట్టేస్తారు, వచ్చిన జవాబులు వచ్చినట్టే లోపలుండగా. ఇంకో గంట ఇస్తే 240 నిమిషాలు, 96 మార్కుల దాకా రాస్తాడు. ఒక్క నాలుగు మార్కుల ప్రశ్న వదిలేస్తే సరిపోతుంది.

ఆ గంట ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. మా డిపోలో ఒకాయన కొడుకు లాయరు, ఆయన ప్రింట్లు తీసిచ్చి వివరంగా చెప్పాడు. వికలాంగుల కోసం 1995లో వచ్చిన చట్టంలో ఏడు రకాలే ఉంటే, 2016 చట్టంలో 21 ఉన్నాయి. చదవడం, రాయడం, లెక్కలు చెయ్యడంలో కొందరు పిల్లలకుండే ప్రత్యేకమైన ఇబ్బంది కూడా అందులో ఒకటి. అలాంటి పిల్లల్ని వీలైనంత ముందే గుర్తించాలని 16వ సెక్షన్ అంటోంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు లాంటి మార్పులు చెయ్యాలని 17వ సెక్షన్ అంటోంది. అదనపు సమయం గంటకి 20 నిమిషాలకి తగ్గకూడదని కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది. మూడు గంటల పేపరుకి 60 నిమిషాలు.

దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాళ్లున్నారు. 2021 ఫిబ్రవరిలో, రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బున్న ఒక సివిల్స్ అభ్యర్థికి, మామూలుగా అడిగే 40 శాతం వైకల్యం లేకపోయినా రాసిపెట్టే మనిషిని ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది. అదే ఏడాది నవంబర్లో నీట్ రాసిన ఓ అమ్మాయి కేసు. మావాడిలాగే డిస్‌గ్రాఫియా. రావాల్సిన గంట ఇవ్వకుండా అందరితోపాటే పేపరు లాగేసుకున్నారు. అది తప్పని కోర్టు తేల్చింది. 40 శాతం లోపున్నా, రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం 2022 ఆగస్టులో కేంద్రం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇదంతా కాగితం మీద. మేం సచివాలయంలో సదరం, అంటే వైకల్యం సర్టిఫికెట్, కోసం స్లాటు బుక్ చేసుకుని ఆసుపత్రికి వెళ్తే, అక్కడ వీణ్ణి నాలుగు ప్రశ్నలు అడిగారు. మావాడు ఇష్టంగా జవాబులు చెప్పాడు. "ఇంత బాగా మాట్లాడుతున్నాడు, వీడికి సర్టిఫికెట్ ఎందుకమ్మా" అని పంపేశారు. మాట్లాడమంటే మాట్లాడతాడు, అదే కదా మా బాధ. ఎవరూ ఓ పెన్ను ఇచ్చి పది నిమిషాలు రాయించలేదు. రెండోసారి వెళ్లినప్పుడు సైకాలజిస్టు రిపోర్టు, మాస్టారు తేదీ వేసి సంతకం చేసిన క్లాసు నోటు పుస్తకాలు మూడు, ఆ 33 మార్కుల పేపరు పట్టుకెళ్లాను. (దేవుడి గూట్లోంచి తీయడానికి అత్తగారు ఒప్పుకోలేదు, జిరాక్సు తీయించాక మళ్లీ పెట్టాను.) ఈసారి కూర్చోబెట్టి చూశారు. సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు.

మిగతా తల్లిదండ్రులు ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ఈ రకం ఇబ్బందికి ఎనిమిదేళ్లు నిండాకే సర్టిఫికెట్ ఇవ్వాలని, 14 ఏళ్లకి ఒకసారి, 18 ఏళ్లకి ఒకసారి మళ్లీ పరీక్షించాలని 2018 జనవరి మార్గదర్శకాల్లో రాశారు. పద్నాలుగేళ్లంటే మన పిల్లలు ఎక్కడుంటారు? తొమ్మిదిలోనో పదిలోనో. చిన్నప్పుడు తీసుకున్న కాగితం ఉందిలే అని నిమ్మళంగా కూర్చుంటే, సరిగ్గా పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపే వేళకి దాని గడువు అయిపోతుంది. హెడ్‌మాస్టరు ఆ వివరాలు పంపేటప్పటికి చేతిలో కాగితం ఉండాలి. మా కాలనీలో ఒకావిడకి ఈ సంగతి హాల్‌టిక్కెట్లు వచ్చాక తెలిసింది.

మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు భవిత కేంద్రాలున్నాయి, అక్కడ ప్రత్యేక శిక్షణ ఉన్న టీచర్లున్నారు. నడవలేని, మాట్లాడలేని పిల్లలకే అవి అని నేను అనుకునేదాన్ని. చాలామంది టీచర్లు కూడా అలాగే అనుకుంటున్నారు. అడిగితే వాళ్లే ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో చెప్తారు. నాకైతే మూడు ట్రిప్పుల తిరుగుడు తప్పించారు.

ఇక అందరూ అనే మాట ఒకటుంది. మీవాడికి గంట ఎక్కువిస్తే మా పిల్లలకి అన్యాయం కాదా అని. కర్ర పట్టుకున్న ముసలమ్మ ఎక్కుతుంటే మా డ్రైవరు బస్సు అర నిమిషం ఎక్కువ ఆపుతాడు. ఆవిడ కూర్చునేదాకా రైట్ చెప్పను. దానివల్ల ఆవిడ మిగతావాళ్లకన్నా ముందు శ్రీకాకుళం చేరిపోదు. ఎక్కగలుగుతుంది, అంతే. జవాబు రాకపోతే గంట కాదు, నాలుగు గంటలిచ్చినా మావాడైనా ఏం రాస్తాడు?

పబ్లిక్ పరీక్షకి చట్టం ఉంది, బాగుంది. కానీ పిల్లాడు నలిగిపోయేది ఆరు నుంచి తొమ్మిది దాకా, స్లిప్ టెస్టుల్లో, ఎఫ్ఏల్లో, బోర్డు నోట్సుల్లో. అక్కడ ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, ఏ జీవో రావక్కర్లేదు. 20 మార్కుల టెస్టులో ఓ పది నిమిషాలు ఎక్కువ కూర్చోనివ్వడం టీచరు చేతిలో పని. నోట్సు జిరాక్సుకి పది రూపాయలు నేనే ఇస్తాను. క్లాసులో చివరిదాకా తల దించుకుని రాస్తూ ఉండేవాడు ఎవడో ప్రతి టీచరుకీ తెలుసు. వాణ్ణి ఒక్కసారి పక్కకి పిలిచి, రాసినది వదిలేసి, నోటితో చెప్పమని అడగండి.

గత ఆగస్టు 29న స్కూల్లో తెలుగు భాషా దినోత్సవానికి వ్యాసరచన పోటీ పెట్టారు. గిడుగు రామమూర్తి గారి గురించి, అరగంట. ఆయన మన శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టినవారు, మావాడికి ఆయనంటే పిచ్చి ఇష్టం. ఏడు వాక్యాలు రాశాడు. ప్రైజు రాలేదు, ఏడు వాక్యాలకి ఎవరిస్తారు. ఆ కాగితం నేను చూశాను. చివరి వాక్యం ఇది: "సవర భాష మీద ఆయన రాసిన పుస్తకం 1931లో అచ్చయింది, ఆయన పుట్టింది 1863లో." లెక్క వేసే టైము లేక తీసివేత అక్కడే ఆపేసినట్టున్నాడు. ఆ సాయంత్రం అన్నం తింటూ గంటన్నర చెప్పాడు. సవరల ఊళ్లకి ఆయన ఎలా వెళ్లేవాడు, ఆ కొండల్లో జ్వరాలకి క్వినైన్ మింగి మింగి చెవులు ఎలా పోయాయి, అన్నీ. అంట్లు తోమడం ఆపేసి విన్నాను.

మీకో చిన్న మనవి. ఫలితాలప్పుడు ఎలాగూ ఫొటోలు వేస్తారు. నామినల్ రోల్స్ పంపే నెలలో కూడా జిల్లా పేజీలో ఓ చిన్న బాక్సు కట్టండి. రాతలో, చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకి పరీక్షలో అదనపు సమయం ఉందని, కాగితాలు ఫలానా చోట ఫలానా తేదీలోపు తీసుకోవాలని. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం, మూడు జిల్లాలకీ. జాగా లేకపోతే నా ఉత్తరం సగం తీసేసి అది వేసినా సరే.

ఇట్లు,
ఒక కండక్టరు,
శ్రీకాకుళం.

తా.క. పోస్టులో వేసేముందు ఈ ఉత్తరం మావాడికి ఇచ్చాను, వాడి గురించే కదా అని. ముప్పావుగంట పట్టుకుని కూర్చున్నాడు. నాకు డ్యూటీకి టైమైపోతోంది, అయినా ఏమీ అనలేదు. మూడు గంటల పేపరుకి అదనపు సమయం అని నేను హడావుడిలో 40 నిమిషాలు వేశాను. "గంటకి ఇరవై అయితే మూడు గంటలకి అరవై కదమ్మా" అని కొట్టేసి దిద్దాడు. పైన మీరు చదివిన 60 వాడిదే.